ఆటతో చెప్పిన పాఠం ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు జారిపోతుంది

పాఠం ఆటలా సాగాలి, పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలి అనే మాట ఉపాధ్యాయ శిక్షణల్లో ఎక్కడ చూసినా వినిపిస్తోంది. అది విని తల పట్టుకునే టీచర్లూ తక్కువేమీ లేరు. పీరియడంతా సందడిగా గడిచిందనీ, మర్నాడు అదే లెక్క పలక మీద ఇస్తే సగం మంది కదల్లేదనీ వాళ్ల ఫిర్యాదు. ఆటలు పెట్టాక పిల్లలకు లెక్కలంటే భయం పోయిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ తాము చూసిందే చెబుతున్నారు. ఒకే పాఠానికి ఒకే ఆట పెట్టినా, నియమాల్లో ఒక్కటి అటూ ఇటూ అయితే ఫలితం మారిపోతుందని పరిశోధనల్లో తేలింది. ఆ నియమం ఏమిటో, ఎందుకంత పని చేస్తుందో అర్థమైతే ఈ గందరగోళంలో చాలా భాగం విడిపోతుంది.

## ఒకే పేరు మీద నడుస్తున్న నాలుగు వేర్వేరు పనులు

'ఆటపాటలతో బోధన' అన్నప్పుడు ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్కటి ఉంటుంది. వీటిని విడదీయకుండా వాదనకు దిగితే ఎవరు దేన్ని సమర్థిస్తున్నారో తేలదు.

మొదటిది గేమిఫికేషన్. పాఠం ఎప్పటిలాగే ఉంటుంది, దానికి పాయింట్లు, బ్యాడ్జీలు, లెవెళ్లు, ర్యాంకుల పట్టిక తగిలిస్తారు. హోంవర్క్ తెస్తే 10 పాయింట్లు, 100 దాటితే ఒక బ్యాడ్జీ, ఇలాగన్నమాట.

రెండోది ఆట ద్వారా నేర్చుకోవడం. ఇక్కడ ఆటే పాఠం. నియమాలు, ఎత్తులు, గెలుపోటములు అన్నీ నేర్పాల్సిన విషయం చుట్టూనే అల్లి ఉంటాయి.

మూడోది కృత్యం. గెలుపోటములతో పనిలేకుండా పిల్లలు వస్తువులు పట్టుకుని కొలుస్తారు, మడతపెడతారు, కలుపుతారు, విడదీస్తారు. సైన్సు ప్రయోగాలు, గణితంలో పూసలు, పట్టీలు ఈ కోవలోకే వస్తాయి.

నాలుగోది అన్వేషణ. టీచరు జవాబు చెప్పరు. ఒక ప్రశ్న ఇస్తారు, దారి పిల్లలే వెతుక్కుంటారు.

ఇవి కలిసి రావచ్చు, విడిగానూ రావచ్చు. పాయింట్లు లేని కృత్యం ఉంటుంది, అన్వేషణ ఏమీ లేని ఆట ఉంటుంది. ఒకదానికి రుజువు దొరికితే అది మిగతా మూడింటికీ వర్తిస్తుందనుకోవడం దగ్గరే చాలా చర్చలు దారి తప్పుతున్నాయి.

## ఒక్క నియమం మారితే ఏమవుతుంది: గళ్ల ఆట చెప్పే సంగతి

అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీత రమణి 2008లో ప్రచురించిన అధ్యయనాలు ఈ విషయంలో చాలా విలువైనవి. బడికి ఇంకా పోని చిన్నపిల్లలతో ఒక సాదా గళ్ల ఆట ఆడించారు. ఒకే వరసలో పది గళ్లు, వాటిలో 1 నుంచి 10 దాకా అంకెలు. తిప్పుడు ముల్లు మీద 1 పడితే ఒక గడి, 2 పడితే రెండు గళ్లు జరగాలి. రెండో గుంపు పిల్లలకూ అదే బోర్డు, కాకపోతే అంకెల బదులు రంగులు. రెండు వారాల్లో నాలుగైదు విడతలు, విడతకు 15 నుంచి 20 నిమిషాలు ఆడారు. అంకెల బోర్డు ఆడిన పిల్లలకు ఏ సంఖ్య పెద్దదో చెప్పడం, గీత మీద సంఖ్య ఎక్కడ ఉంటుందో చూపడం బాగా మెరుగయ్యాయి. తొమ్మిది వారాల తర్వాత పరీక్షించినా ఆ మెరుగు నిలిచే ఉంది. రంగుల బోర్డు ఆడినవాళ్లూ అంతే సేపు సరదాగా ఆడారు, కానీ సంఖ్యల్లో మెరుగు కనిపించలేదు.

2009లో వాళ్లే గళ్లను వరసగా కాకుండా గుండ్రంగా పేర్చి చూశారు. అవే అంకెలు, అదే ఆట. అయినా వరస బోర్డు ఇచ్చినంత ఫలితం రాలేదు. ఎందుకంటే వరస బోర్డులో సంఖ్య పెరిగే కొద్దీ బొమ్మ మొదటి గడి నుంచి దూరమవుతుంది, జరపాల్సిన సార్లు పెరుగుతాయి, పట్టే సమయం పెరుగుతుంది. సంఖ్య ఎంత పెద్దదో చేతికీ కంటికీ ఒకేలా అందుతుంది. గుండ్రటి బోర్డులో ఆ పోలిక చెదిరిపోతుంది.

2014లో ఎలిడా లాస్కీ, సీగ్లర్ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఈసారి 100 దాకా గళ్లున్న బోర్డు. 45లో ఉన్న పిల్లవాడికి 2 పడింది. ఒక గుంపు పిల్లలు 'ఒకటి, రెండు' అంటూ జరిపారు. ఇంకో గుంపు 'నలభై ఆరు, నలభై ఏడు' అంటూ జరిపారు. మార్చింది నోటితో పలికే మాట ఒక్కటే. గడిలో ఉన్న సంఖ్యను పలికినవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. 'ఒకటి, రెండు' అన్నవాళ్లకు గడిలో ఏ సంఖ్య ఉందో చూడాల్సిన అవసరమే రాలేదు.

నా దృష్టిలో ఈ విషయమంతటికీ కీలకం ఇదే. ఆటలో పిల్లలు దేని మీద మనసు పెట్టాల్సి వస్తే అదే నేర్చుకుంటారు. అందుకే ఏ ఆటనైనా ముందుగా ఒక ప్రశ్నతో తూచవచ్చు: పాఠం ఏమీ రాకపోయినా ఇందులో గెలవచ్చా? గెలవచ్చు అంటే అది పాఠం పక్కన పెట్టిన ఆట. దానివల్ల హుషారు రావచ్చు, పాఠం మాత్రం రాదు.

కంప్యూటరు ఆటల్లోనూ ఇదే తేలింది. జేకబ్ హాబ్గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ 2011లో భాగహారం నేర్పే ఒక ఆటను రెండు రకాలుగా పరీక్షించారు. ఒకదాంట్లో శత్రువుల ఛాతీ మీద సంఖ్య ఉంటుంది, దాన్ని నిశ్శేషంగా భాగించే ఆయుధం ఎంచుకుంటేనే శత్రువు ఓడతాడు. రెండోదాంట్లో పోరాటం మామూలుగా సాగుతుంది, లెవెల్‌కీ లెవెల్‌కీ మధ్య భాగహారం ప్రశ్నలు వస్తాయి. ఎత్తులోనే లెక్క కలిసిపోయిన రూపంలో పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. ఏది కావాలో మీరే ఎంచుకోండి అన్నప్పుడు దాని మీదే ఏడు రెట్లు ఎక్కువ సేపు గడిపారు.

## భిన్నాల ఆటను మొదటి నుంచి కట్టి చూస్తే

నియమాలు ఎలా పనిచేస్తాయో తెలియాలంటే ఒక ఆటను విప్పి చూడటమే మంచిది. నేర్పాల్సింది: సమాన భిన్నాలు, వేర్వేరు హారాలున్న భిన్నాల తీసివేత.

సామాను ఇది. ఒక ఏ4 మందపాటి కాగితం మీద 24 సెంటీమీటర్ల పొడవు, 1.5 సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీలు 12 గీయవచ్చు. ఇద్దరు ఆటగాళ్లకు ఒక కాగితం చాలు, మనిషికి ఆరు పట్టీలు. ఒకటి కోయకుండా ఉంచేది, అదే 'ఒకటి'. మిగతా ఐదింటినీ వరసగా సగాలు (12 సెం.మీ.), మూడో వంతులు (8), పావులు (6), ఆరో వంతులు (4), పన్నెండో వంతులుగా (2) కోస్తే మనిషికి 27 ముక్కలు వస్తాయి. 24 ఎంచుకున్నది ఇందుకే: అన్ని ముక్కలూ పూర్తి సెంటీమీటర్లలో వస్తాయి.

కోత దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. పన్నెండో వంతులను ఒక్కొక్కటిగా కొలిచి కోస్తే, ముక్కకు 2 మిల్లీమీటర్లు తేడా వచ్చినా పన్నెండు ముక్కలకు 24 మిల్లీమీటర్లు పోగవుతుంది. అప్పుడు పన్నెండు పన్నెండో వంతులు ఒకటికి సరిపోవు, ఆట చెప్పాల్సిన మాటనే సామాను కాదంటుంది. పట్టీ మొత్తం మీద స్కేలు కదపకుండా 2, 4, 6, 8 అంటూ గుర్తులు పెట్టుకుని తర్వాత కోస్తే తప్పు పోగవదు. ఒక్కో ఆటగాడి ఐదు పట్టీలకు 22 కోతలు పడతాయి. పిల్లల చేత ఆ పీరియడులోనే కోయిస్తే ఆటకు సమయం మిగలదు, ముందురోజే కోసి ఉంచుకోవాలి.

ముక్కలకు రంగులు వేయాలా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. సగాలన్నీ ఎరుపు, పావులన్నీ నీలం అయితే పిల్లలు రంగు చూసి ముక్క తీస్తారు. భిన్నం చదవరు, పొడవు పోల్చరు. ఒకే రంగు కాగితం, ఒక వైపు మాత్రమే భిన్నం రాసి ఉండటం మేలు.

ఇక నియమాలు. ప్రతి ఆటగాడూ 'ఒకటి' పట్టీ మీద రెండు సగాలు పరిచి మొదలుపెడతాడు. పాచిక వేసి, ఎంత పడితే అంత విలువ తీసేయాలి. ముందుగా పట్టీ ఖాళీ అయినవాళ్లు గెలిచినట్టు. కావాల్సిన విలువ నేరుగా తీయలేకపోతే ఒక ముక్కను సమానమైన చిన్న ముక్కల్లోకి మార్చుకోవచ్చు.

పాచిక ముఖాల మీద ఏమేం రాయాలి? 1/2, 1/3, 1/4, 1/6, 1/8, 1/12 అని రాయాలనిపిస్తుంది. 1/8 అంటే 3 సెంటీమీటర్లు, చూడటానికి ఇబ్బందేమీ లేదు. కానీ ఆట మధ్యలో ఒకరికి 1/8 మిగిలి, 1/12 పడిందనుకుందాం. తీసేస్తే మిగిలేది 1/24. ఆ ముక్క లేదు, ఆ ముఖం పాచిక మీద లేదు. ఆ పిల్లవాడు ఇక ఎన్నిసార్లు వేసినా ఆట ముగియదు. 1/8ని తీసేసి 1/12ను రెండు ముఖాల మీద రాస్తే చిక్కు పోతుంది, ఎందుకంటే ఏ మిగులైనా పన్నెండో వంతుల లెక్కే అవుతుంది. 1/12 రెండు ముఖాల మీద ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. చివరికి 1/12 ఒక్కటే మిగిలినప్పుడు అది ఒకే ముఖం మీద ఉంటే సగటున ఆరు విసుర్లు ఎదురుచూడాలి, రెండు ముఖాల మీద ఉంటే మూడు చాలు. ఇలా కట్టిన ఆటలో పట్టీ ఖాళీ కావడానికి ఒక్కో ఆటగాడికి సగటున ఏడు విసుర్లు పడతాయి. పది నిమిషాల్లో ఒక ఆట అయిపోతుంది, పీరియడులో రెండు ఆటలకూ చర్చకూ చోటుంటుంది.

ఒక ఆట నడక చూద్దాం. మొదటి విసురు 1/6. ఒక సగాన్ని మూడు ఆరో వంతులుగా మార్చి ఒకటి తీశారు. మిగిలింది ఒక సగం, రెండు ఆరో వంతులు. రెండో విసురు 1/2. సగం పోయింది. మూడో విసురు 1/4. చేతిలో రెండు ఆరో వంతులే ఉన్నాయి. పావు ఎలా తీయాలి? అసలు పాఠం వచ్చేది ఇక్కడే. ఒక ఆరో వంతును రెండు పన్నెండో వంతులుగా మారిస్తే 1/6 + 1/12 = 3/12 = 1/4 అవుతుంది. అది తీస్తే మిగిలింది 1/12. ఉమ్మడి హారం అనే మాట టీచరు ఇంకా ఎత్తలేదు, కానీ దాని అవసరం పిల్లవాడికి తగిలింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ చురుకైన పిల్లలు రెండో ఆటకే ఒక సందు కనిపెడతారు. మొదట్లోనే రెండు సగాలనూ పన్నెండు పన్నెండో వంతులుగా మార్చేసుకుంటే ఇక ప్రతి ఎత్తూ ముక్కలు లెక్కపెట్టి తీయడమే. సమాన భిన్నాలతో పనే ఉండదు. దీన్ని ఆపడానికి రెండు నియమాలు కావాలి: పాచిక వేశాకే మార్చుకోవాలి, విసురుకు ఒక్క ముక్కనే మార్చుకోవాలి. ఒక్క ముక్కే అంటే ఎక్కడైనా ఆట ఆగిపోతుందేమో అని అనుమానం రావచ్చు. ఆగదు. చేతిలో ఉన్న ముక్కలను ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతే, కావాల్సిన విలువను దాటించే ముక్క ఒక్కటే ఉంటుంది. దాన్ని పన్నెండో వంతులుగా విడదీస్తే ఎప్పుడైనా సరిపోతుంది.

పిల్లలకు చేయి తిరిగాక ఇంకో మెట్టు వేయవచ్చు: మార్చేటప్పుడు వీలైనంత తక్కువ ముక్కల్లోకి మార్చాలి, అవి వేర్వేరు రకాలైనా ఫరవాలేదు. అప్పుడు సగాన్ని మూడు ఆరో వంతులుగా కాక 1/3 + 1/6గా చూడాల్సి వస్తుంది. మూడో వంతు మిగిలి పావు పడితే 1/3 = 1/4 + 1/12 అని వెతకాల్సి వస్తుంది.

ఎదుటివాడు ఆడుతున్నప్పుడు రెండో పిల్లవాడు ఏం చేస్తాడు? ఏ నియమమూ పెట్టకపోతే కిటికీలోంచి చూస్తాడు. తప్పు మార్పిడిని ఎదుటివాడు పట్టుకుంటే ఆ విసురు రద్దు అనే నియమం అతని కళ్లను కూడా పట్టీ మీదే నిలుపుతుంది. ఇంకొకటి, ప్రతి ఎత్తూ నోటుపుస్తకంలో సమీకరణంగా రాయాలి. రాయించకపోతే పిల్లలు '4 సెంటీమీటర్ల ముక్క' అనుకుంటూ పొడవులతోనే ఆడేస్తారు, పలక మీద 1/3 − 1/4 కనిపిస్తే దానికీ ఈ ఆటకూ ఉన్న చుట్టరికం తట్టదు. కృత్యం నుంచి గుర్తుల్లోకి వంతెన ఆ రాత ఒక్కటే.

## చేతికి పని దొరికితే బుర్రకూ దొరికినట్టేనా

ఇయన్ అబ్రహామ్స్, రాబిన్ మిల్లర్ ఇంగ్లండు బడుల్లో 25 సైన్సు ప్రయోగ పాఠాలను గమనించి 2008లో ప్రచురించారు. పరికరాలతో చేయాల్సింది పిల్లల చేత చేయించడంలో పాఠాలు చాలావరకు నెగ్గాయి. ఆ చేసినదాని వెనకున్న భావన గురించి ఆలోచింపజేయడంలో మాత్రం వెనకబడ్డాయి. కారణం అర్థం చేసుకోదగినదే. సామాను పంచడం, నియమాలు చెప్పడం, గొడవ ఆపడం, సర్దించడంతోనే పీరియడు అయిపోతుంది, భావన గురించి మాట్లాడే పది నిమిషాలకు గంట కొట్టేస్తారు.

లోలకం ప్రయోగంతో చూద్దాం. దారానికి బరువు కట్టి ఊపాలి, ఒక డోలనానికి పట్టే కాలం దేనిమీద ఆధారపడుతుందో తేల్చాలి. 25 సెంటీమీటర్ల లోలకానికి 10 డోలనాలకు దాదాపు 10 సెకన్లు, 100 సెంటీమీటర్లదానికి దాదాపు 20 సెకన్లు పడుతుంది. పొడవు నాలుగు రెట్లైతే కాలం రెండు రెట్లు. ఒక్క డోలనాన్ని కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే 0.2 సెకన్ల తేడానే ఫలితాన్ని మింగేస్తుంది, అందుకే పది లెక్కపెట్టి పదితో భాగించాలి.

ఇక బరువు మారిస్తే? మారదు అన్నది సరైన జవాబు. అయినా చాలా జట్లు 'బరువు పెరిగితే నెమ్మదిస్తుంది' అని రాస్తాయి, వాళ్ల కొలతలూ అదే చూపిస్తాయి. వాళ్లు రెండో బరువును మొదటిదాని కిందకు వేలాడదీశారు. దానితో బరువుల మధ్యబిందువు ఓ 4 సెంటీమీటర్లు కిందకు జారింది. లోలకం 25 నుంచి 29 సెంటీమీటర్లైంది, 10 డోలనాలకు 10 బదులు 10.8 సెకన్లు పట్టింది. పిల్లలు సరిగ్గానే కొలిచారు, కాకపోతే ఒకేసారి రెండు మార్చారు. పొడవును ముడి దాకా కాకుండా బరువు మధ్య దాకా కొలవాలి, బరువులను ఒకే ఎత్తులో పక్కపక్కన కట్టాలి. ఎంత దూరం లాగి వదిలారన్నదీ చూడాలి: 15 డిగ్రీల లోపు తేడా అర శాతం కూడా ఉండదు, 60 డిగ్రీలు లాగితే కాలం ఏడు శాతం పెరుగుతుంది.

ఈ తప్పు జవాబు దగ్గర టీచరు ఏం చేస్తారన్నదాంట్లోనే కృత్యం విలువ తేలుతుంది. 'తప్పు, బరువుతో సంబంధం లేదు, రాసుకోండి' అంటే పిల్లలు తమ కళ్లను కాక పుస్తకాన్ని నమ్మాలని నేర్చుకుంటారు. రెండు జట్ల లోలకాలను పక్కపక్కన నిలబెట్టి, బరువు మధ్య దాకా కొలవమంటే తేడా వాళ్లకే దొరుకుతుంది. ఊహించు, గమనించు, వివరించు అనే పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. ప్రయోగానికి ముందే ప్రతి ఒక్కరూ తమ ఊహను, కారణంతో సహా, చీటీ మీద రాయాలి. ముందే రాసి పెట్టుకోకపోతే ఫలితం చూశాక 'నేనూ అదే అనుకున్నా' అనిపిస్తుంది, ఊహకూ ఫలితానికీ ఉన్న దూరం కనబడదు.

వస్తువు ఎంత నిజంగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం కూడా పూర్తిగా సరికాదు. నికోల్ మెక్‌నీల్ బృందం 2009లో డబ్బు లెక్కలు చేసే పిల్లలకు కొందరికి అచ్చం నోట్లు, నాణేల్లాంటివి, కొందరికి ఏ బొమ్మలూ లేని సాదా ముక్కలు ఇచ్చింది. అచ్చం డబ్బులాంటివి పట్టుకున్నవాళ్లు మొత్తమ్మీద ఎక్కువ తప్పులు చేశారు. అయితే వాళ్ల తప్పుల్లో లెక్క అర్థం కాక చేసినవి తక్కువ. నిజమైన వస్తువు అర్థాన్ని గుర్తుచేస్తుంది, కంటిని కూడా లాగేస్తుంది. కొత్త భావన పరిచయానికి ఒకరకం, సాధనకు ఇంకోరకం సామాను వాడటానికి ఇది మంచి కారణం.

## పాయింట్లు, బ్యాడ్జీలు: ఇరువైపుల వాదన

బహుమతుల మీద అనుమానానికి మూలం 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం. బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లలను ఎంచుకున్నారు. కొందరికి 'బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తాం' అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకట్రెండు వారాల తర్వాత, ఎవరూ అడగని ఖాళీ సమయంలో, ముందే మాట తీసుకున్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలు వేశారు. చెప్పకుండా బహుమతి ఇచ్చినవాళ్లలో ఆసక్తి తగ్గలేదు.

కళాశాల స్థాయిలో మైఖేల్ హానస్, జెస్సీ ఫాక్స్ 2015లో ఒకే కోర్సును రెండు తరగతులకు నడిపి, ఒకదానికి బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టిక పెట్టారు. 16 వారాల్లో ఆ తరగతి వాళ్ల ఆసక్తి తగ్గింది, చివరి పరీక్షలోనూ వెనకబడ్డారు.

అయితే లెక్క అంతటితో ముగియదు. మైఖేల్ సైలర్, లిసా హోమ్నర్ 2020లో చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు గేమిఫికేషన్ వల్ల నేర్చుకోవడంలో, ఆసక్తిలో, ప్రవర్తనలో చిన్నపాటి మేలు కనిపించింది. సమర్థించేవాళ్లు చెప్పేదీ సబబే: మొదటి నుంచీ ఇష్టం లేని పనికి, ఎక్కాల సాధన లాంటి మార్పులేని పనికి బహుమతి వల్ల పోయే ఇష్టం పెద్దగా ఉండదు. లెపర్ పిల్లలు ముందే బొమ్మలంటే ఇష్టపడేవాళ్లని మరిచిపోకూడదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పాయింటు దేనికిస్తున్నామన్నదే తేడా తెస్తోందని నాకనిపిస్తుంది. ముందుగా ముగించినవాళ్లకు పాయింటు ఇస్తే పిల్లలు తొందరపడతారు. సరైన జవాబుకే ఇస్తే పక్కవాడిది చూసి రాస్తారు. తప్పును పట్టుకుని దిద్దినందుకు, రెండో పద్ధతి చూపినందుకు ఇస్తే అదే చేస్తారు. ర్యాంకుల పట్టిక మాత్రం పైనున్న నలుగురైదుగురికే పనికొస్తుంది. మూడో వారానికి అట్టడుగున ఉన్న పిల్లవాడికి అది రోజూ ఒకటే మాట చెబుతుంది. మొత్తం తరగతికి కలిపి ఒక లక్ష్యం పెట్టడం, లేదా ఎవరి నిన్నటి ఫలితంతో వాళ్లనే పోల్చడం ఆ నష్టాన్ని తప్పిస్తాయి.

## ముందే చెప్పాలా, వాళ్లనే కనుక్కోనివ్వాలా

పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో రాసిన వ్యాసం పెద్ద దుమారం రేపింది. మనిషి ఒకేసారి మనసులో పెట్టుకోగలిగేది కొంచెమే. కొత్త విషయంలో దారీ తెన్నూ చెప్పకుండా వదిలేస్తే ఆ కొంచెం కూడా వెతుకులాటకే ఖర్చవుతుంది, నేర్చుకోవడానికి మిగలదన్నది వాళ్ల వాదన. మరుసటి ఏడాది సిండీ మెలో-సిల్వర్, రవిట్ డంకన్, క్లార్క్ చిన్ జవాబిచ్చారు. మంచి అన్వేషణ పాఠంలో పిల్లలను వదిలేయరు, సూచనలు, మెట్లు, సమయానికి అందే సమాచారం అన్నీ ఉంటాయి, దాన్ని 'ఏ సాయమూ లేని బోధన' అనడం సరికాదన్నారు.

జాగ్రత్తగా చదివితే ఇద్దరూ ఖాళీగా వదిలేయడాన్ని ఒప్పుకోవడం లేదు. పేచీ సాయం ఎంత, ఎప్పుడు అన్నదాని మీదే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పూర్తిగా చేసి చూపిన లెక్క బాగా పనికొస్తుంది, పట్టు వచ్చినవాళ్లకు అదే అడ్డమవుతుంది. పై భిన్నాల ఆటలో సమాన భిన్నాలు అసలు తెలియని తరగతికి ముందు రెండు మూడు మార్పిడులు బోర్డు మీద చేసి చూపాలి. ఆ పిల్లలే వారం తర్వాత 'తక్కువ ముక్కల' నియమం దగ్గరకొచ్చినప్పుడు టీచరు నోరు కట్టుకోవాలి.

## నలభై మంది తరగతిలో ఆలోచన ఎవరి వంతు

ఇది కాగితం మీద చేయగలిగే లెక్క, చాలా ఆటలు ఇక్కడే తేలిపోతాయి. నాలుగు జట్ల క్విజ్, 20 ప్రశ్నలు, అరగంట. ముందు చేయెత్తినవాళ్లు జవాబు చెబుతారు. మొత్తం జవాబులు 20. అందులో పన్నెండో పదిహేనో ఆ ముగ్గురు నలుగురు చురుకైన పిల్లలవే. అవే ప్రశ్నలకు నలభై మందీ పలకల మీద రాసి ఒకేసారి పైకెత్తితే 800 జవాబులు. టీచరుకు ఎవరికి ఎక్కడ తడబాటు ఉందో ఒక్క చూపులో కనిపిస్తుంది. పదిమంది జట్లతో రిలే పందెం పెడితే ప్రతి పిల్లవాడూ పదింట తొమ్మిది వంతుల సమయం వరసలో నిలబడి కేకలు వేస్తాడు. సందడి బాగుంటుంది, లెక్క చేసేది తన వంతు వచ్చినప్పుడే.

ఓడినవాళ్లు ఆట నుంచి తప్పుకునే పద్ధతి ఇంకా నష్టం. సాధన ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లే ముందు బయటికొస్తారు. నలుగురి జట్టులో ఒకరే అంతా చేసేయడం మరో చిక్కు. ఇలియట్ ఆరన్సన్ 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి దీనికొక దారి: పాఠంలో ఒక్కో భాగం ఒక్కొక్కరి దగ్గరే ఉంటుంది, ఆ పిల్లవాడు చెప్పకపోతే జట్టుకు ఆ భాగం దొరకదు.

## నచ్చడం, రావడం: రెండింటినీ విడిగా కొలవడం

పాఠం ముగిశాక పిల్లల ముఖాలు చూసి ఫలితం చెప్పలేం. హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో లూయీ డెలొరియే బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, జట్లుగా సమస్యలు సాధించిన విద్యార్థులు ఉపన్యాసం విన్నవాళ్లకంటే ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. సాఫీగా సాగిన ఉపన్యాసం అర్థమైపోయిన భావన ఇస్తుంది, తడబడుతూ చేసిన పని ఇవ్వదు. దీనికి ఎదురుగా, చేతికి శ్రమే తప్ప ఆలోచన లేని ఆట బాగా నచ్చేసి, ఏమీ మిగల్చకపోవచ్చు.

ఆలస్యంగా కొలవడానికి కూడా కారణముంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చూపినట్టు, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో ముందున్నారు, వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, మళ్లీ చదవకుండా చదివింది గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. అందువల్ల ఆట ముగిసిన నిమిషంలో పెట్టిన పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు.

భిన్నాల ఆట ఆడిన వారానికి, పట్టీలు బయటికి తీయకుండా, మూడు ప్రశ్నల చీటీ చాలు. ఒకటి ఆటలో వచ్చినదే: 1/2 − 1/6. రెండోది ముక్కలు లేని హారాలతో: 1/2 − 1/5. మూడోది మాటల్లో: '1/3 − 1/4 = 0/1 అని ఒకరు రాశారు, అది ఎందుకు కుదరదో చెప్పు.' మొదటిది వచ్చి రెండోది రాకపోతే పిల్లలు ఆ పట్టీలను నేర్చుకున్నారు గానీ పద్ధతిని నేర్చుకోలేదు, ఐదో వంతులు, పదో వంతులతో 20 సెంటీమీటర్ల పట్టీ కట్టి ఇంకోసారి ఆడించవచ్చు. మొదటి రెండూ వచ్చి మూడోది రాకపోతే పద్ధతి వచ్చింది గానీ భిన్నం ఎంత ఉంటుందన్న అంచనా రాలేదు, అప్పుడు ముక్కలను పక్కపక్కన పెట్టి మిగులు ఎంతో కంటితో అంచనా వేశాకే తీయాలన్న నియమం చేర్చాలి. మొదటిదే రాకపోతే నోటుపుస్తకాలు తెరిచి, ఎత్తులు రాశారా లేదా అన్నది ముందు చూడాలి.